ఈగ తవ్విన చెరువు

పటాలు గీసే కార్యాలయంలో ఆవిడని ఎవరూ పేరుపెట్టి పిలిచేవారు కారు. 'సన్నగీత గారు' అనేవారు. ఎదుట 'గారు' ఉండేది, వెనక ఉండేది కాదు. మనిషి సన్నం కాదు, గీత సన్నం. వెంట్రుకని నిలువునా చీల్చి, లావుపాటి సగం ఎవరికో ఇచ్చేసి, మిగతాది కాగితం మీద పరిచినట్టుండేది. ముప్ఫయ్యొక్కేళ్ళు ఒకే బల్ల, ఒకే కిటికీ, దీపం కింద వంచిన ఒకే మెడ. పదవీ విరమణ సభలో పై అధికారి "ఒక్క తప్పయినా ఎరుగని చెయ్యి" అని కొనియాడి గోడ గడియారం బహూకరించాడు. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ చెయ్యి మాత్రం చేతిసంచి కింద దాక్కుంది.

ఎందుకంటే ముందురోజే, బీరువా ఖాళీ చేస్తూ, ఇరవై నాలుగేళ్ళ కిందట తను ట్రేసింగ్ చేసిన వానల అడవి షీటుకి అసలు ప్రతిని భూతద్దంలో చూసింది. రెండు వాగులు కలిసేచోటుకి కాస్త తూర్పున ఒక నల్లచుక్క. దాన్ని చెరువనుకుని అప్పట్లో భక్తిశ్రద్ధలతో నీలం సిరా నింపింది. సరిగ్గా అలాంటి చుక్కలే మార్జిన్లో ఇంకో నాలుగున్నాయి. మార్జిన్లో చెరువులుండవు. ఈగలు వాలతాయి, వాలిన గుర్తుగా ఏదో ఒకటి వదిలి వెళతాయి.

అయినా నాలుగు చుక్కలు ఈగవైనంత మాత్రాన అయిదోది కూడా ఈగదే కావాలని రూలేమీ లేదు కదా. ఆ షీటు కొత్త ముద్రణ మరో రెండు వారాల్లో ప్రెస్సుకి వెళుతోంది. చెరువుని తీసెయ్యమనాలన్నా ఉంచమనాలన్నా తనే చెప్పాలి. తీసెయ్యమంటే, తప్పెరుగని చెయ్యి కాస్తా తప్పు చేసిన చెయ్యి అవుతుంది. అందుకని కళ్ళారా చూసి తేల్చుకుందామని తొమ్మిది రోజుల ప్రయాణం పెట్టుకుని ఒంటరిగా బయల్దేరింది. ఇంట్లో విహారయాత్ర అని చెప్పింది.

మొదటి ఆరు రోజులూ ఏకధాటిగా వాన. బస ఇచ్చిన ఇంటి వరండాలో కూర్చుని ఎదురుగా ఉన్న అడవిని చూస్తూ ఉండిపోయింది. ఆకుపచ్చ అంటే ఆవిడ ఎరిగినంతవరకూ ఏడో నంబరు సీసా. అదొక్కటీ నీళ్ళలో కలిపి పూసేస్తే అడవి అయిపోయేది. ఇక్కడ ఏ ఆకుకా ఆకు సొంత సీసా పెట్టుకున్నట్టుంది. తను ఇన్నాళ్ళూ ఎంత పొదుపుగా బతికిందో అనిపించింది.

"అక్కా, జలగలకి రక్తదానం చెయ్యడానికి అంతదూరం పోవాలా? ఇక్కడి దోమలేం పాపం చేశాయే?" అంది ఫోన్లో చెల్లెలు.

ఏడోరోజు వాన తెరిపిచ్చింది. దారి చూపించేవాడు వచ్చాడు. నలభై అయిదేళ్ళుంటాయి. మోకాళ్ళదాకా మేజోళ్ళు, చేతిలో జలగలకోసం ఉప్పు పొట్లం.

"బాబూ, వాగులు కలిసేచోట చెరువుంది కదా, అక్కడికి వెళదాం."

"అది ఈ ఏడు ఎండిపోయిందమ్మా," అన్నాడతను, తడిసిన టోపీ పిండుకుంటూ.

"ఈ వానలోనా?"

"మరి... వేసవిలో ఎండింది."

"ఇక్కడ వేసవి ఎప్పుడు?"

అతను టోపీ ఇంకోసారి పిండాడు. అందులో నీళ్ళయిపోయాయి.

అయినా తీసుకెళ్ళాడు. రెండున్నర గంటల నడక. వాగులు కలిసేచోటు నుంచి ఆవిడ దిక్సూచి పట్టుకుని అడుగులు లెక్కపెట్టింది. చెరువుండాల్సిన చోట నిటారుగా దిగిపోయే వాలు ఉంది. అక్కడ చెంబుడు నీళ్ళు పోస్తే, పోసినవాడు కూడా నీళ్ళ వెంటే దిగిపోవాలి. ఆవిడ ఓ వేరు పట్టుకుని నిలబడి కిందికి చూసింది.

"ఎప్పుడూ లేదమ్మా," అన్నాడతను మెల్లగా. "పటం పట్టుకొచ్చినవాళ్ళకి మా నాన్న మొదట్లో లేదనే చెప్పేవాడు. నీకు దారే తెలీదని తిట్టిపోయేవారు. ఇక్కడ పుట్టిన మనిషి మాటకన్నా కాగితమే గట్టిది కదా! చివరికి ఎండిపోయిందనడం మొదలెట్టాడు. నేనూ అదే నేర్చుకున్నాను."

"ఆ చెరువు పెట్టింది నేనే."

అతను ఆవిడని ఎగాదిగా చూశాడు. "ఎందుకు పెట్టారమ్మా?"

"ముందు ఈగ పెట్టింది. నేను రంగు వేశాను."

సంగతంతా విని అతను నవ్వాడు. నవ్వి నవ్వి జారబోయి చెట్టు పట్టుకున్నాడు. తర్వాత నవ్వు ఆగిపోయింది. "ఈ మాట మా నాన్నకి మీరే చెప్పండమ్మా. నేను చెబితే, కొడుకు కదా, ఓదార్పనుకుంటాడు."

ఎనిమిదోరోజు ఆవిడ ఎక్కడికీ వెళ్ళలేదు. మేజోళ్ళు ఆరేసింది. అవి ఆరలేదు. ఊరుకుంటే ఎవరికీ తెలియదు. గడియారం గోడమీద హాయిగా నడుస్తుంది. రావలసిన యాత్రికులు వస్తారు, ఎండిపోయిందని విని వెళ్ళిపోతారు. లోకానికేం నష్టం? మధ్యాహ్నందాకా ఈ వాదమే గెలుస్తూ వచ్చింది. సాయంత్రానికి ముసలాయన ఎలా ఉంటాడో చూడాలనిపించింది.

తొమ్మిదోరోజు పొద్దున్నే, తిరుగు బస్సుకి ముందు, వాళ్ళింటికి వెళ్ళింది. ఎనభై దాటినాయన గుమ్మంలో కూర్చుని ఉన్నాడు. చూపు బాగా తగ్గింది. ఆవిడ ఈగతో మొదలుపెట్టి అంతా చెప్పింది. ఆయన నవ్వలేదు.

"నేనూ వెతికానమ్మా," అన్నాడు. "రెండేళ్ళు. మావాడిక్కూడా చెప్పలేదు. అంత చదువుకున్నవాళ్ళు గీశారు, నేనే ఎక్కడో చూడకుండా దాటేశానేమో అనుకున్నాను."

ఆవిడ ఇంకేమీ ఆలోచించలేదు. అక్కడే నిలబడి, ఒకప్పటి తన శిష్యుడికి ఫోను చేసింది. ఇప్పుడు షీటు అతని చేతిలో ఉంది.

"మేడమ్, ఇప్పుడెందుకండీ? మీ రికార్డు..."

"తీసెయ్యి. కాగితం తీసి రాసుకో."

"సవరణ పత్రంలో కారణం గడిలో ఈగ అని రాయమంటారా? మీ మీదికి రాదు."

"ఈగ సంతకం పెడుతుందా? 'ట్రేసింగ్‌లో పొరపాటు' అని రాసి పక్కన నా పేరు రాయి. పూర్తి పేరు."

ఫోను పెట్టేసింది. ముసలాయన మొహం ఆవిడ గొంతు వచ్చినవైపే తిప్పి ఉంది.

"అయితే ఇప్పుడక్కడ ఏం గీస్తారు?"

"వాలు గీస్తారండీ."

"ఉన్నదే గీస్తారన్నమాట," అన్నాడాయన. కొడుకుని కేకేసి, ఆవిడకి కుర్చీ వెయ్యమన్నాడు.