ఎనిమిదో నంబరు

ఆర్నాల్డ్ విట్వామ్‌కి మోకాలు పోయాక మా రగ్బీ క్లబ్బు పెద్దలు అతన్ని సెక్రటరీని చేశారు. పద్నాలుగేళ్లు ముందు వరసలో నిలబడి తోసినవాడికి టై, టెలిఫోను ఇచ్చి కుర్చీలో కూలేశారు. యార్క్‌షైర్‌లోని ఈ బొగ్గు గనుల ఊళ్లో పాతికేళ్లుగా ఆటగాళ్ల జెర్సీలు ఉతుకుతున్నదాన్ని. నన్నడిగితే వద్దనేదాన్ని. నన్నెవరడిగారు?

మొదటి శనివారమే టైతో సహా తిన్నగా ఆటగాళ్ల గదిలోకి వచ్చి, కోటు తగిలించి, బూట్లు విప్పసాగాడు.

"ఇవాళ నువ్వు ఆడవురా, మర్చిపోయావా?" అన్నాడు డెరెక్ లంబ్. పదేళ్లు ఒకే స్క్రమ్ తోపులాటలో తలలు దూర్చిన నేస్తాలు వాళ్లు. ఆర్నాల్డ్ వదిలేసిన ఎనిమిదో నంబరు జెర్సీ ఇప్పుడు డెరెక్‌దే.

"ఏమోరా, కాళ్లు ఇటే వచ్చాయి."

అందరూ నవ్వారు. నాకు మాత్రం నవ్వు రాలేదు.

వచ్చే ఏడాదికి ఉంచుకునేవాళ్ల పేర్లు మే నెలలో సెక్రటరీ నంబర్ల వారీగా రాసి బాయిలర్ గది తలుపుకి అంటించడం మా పద్ధతి. అందులో పేరు లేనివాడు నోరెత్తకుండా వెళ్లిపోవాలి. డెరెక్‌కి ముప్ఫై నాలుగు నిండాయని కమిటీ తీసెయ్యమంది. కొత్తవాణ్ణి తెస్తాం, ఎనిమిది ఖాళీగా ఉంచమంది. డెరెక్ మాత్రం ఇంకొక్క ఏడాది ఆడాలని కొండంత ఆశ పెట్టుకున్నాడు.

ఆర్నాల్డ్ నాలుగు రోజులు పెన్ను పట్టుకుని కూర్చున్నాడు.

"విన్నీ అక్కా, నేనిప్పుడు ఎవరి మనిషిని?"

"ముందు టీ తాగు నాయనా," అన్నాను. నాకు మాత్రం ఏం తెలుసు?

శుక్రవారం అంటించాడు. డెరెక్ వేలు పెట్టి పైనుంచి కిందికి చదివాడు. మళ్లీ చదివాడు.

"ఎనిమిదిలో నీ పేరుందేంట్రా?"

ఆర్నాల్డ్ దగ్గరికొచ్చి చూశాడు. నిజమే. తన చేత్తో తన పేరే రాసుకున్నాడు. ఎప్పుడు రాశాడో అతనికే తెలియదు. గబగబా కొట్టేశాడు. పెన్ను ఆ పక్కనే ఆగిపోయింది. రాసెయ్యరా వాడి పేరు, అని నా ప్రాణం కొట్టుకుంది. రాస్తే ఉన్న కుర్చీ పోతుంది. ఆ మోకాలితో గనిలోకి దిగలేడు. పెన్నుకి మూత పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు.

డెరెక్ సంచీ భుజాన వేసుకున్నాడు.

"వస్తానండీ, సెక్రటరీ గారూ."

ఆర్నాల్డ్, సెక్రటరీ ఎవరొచ్చారా అని వెనక్కి తిరిగి చూశాడు.