బస్సత్త పట్టిన నాలుగో లోపం

ఆ శిక్షణ కేంద్రంలో ఆమెను అందరూ బస్సత్త అనేవారు. ఇరవై రెండేళ్లు బస్సు డిపోలో ఇంజన్లు విప్పి బిగించిన మనిషి మరి. దారుల్లేని కొండపల్లెలకు డాక్టర్లను, మందులను, పాస్టర్లను మోసుకెళ్లే మిషన్ విమానాలకు పైలట్లనూ మెకానిక్కులనూ తయారుచేసే చోటు అది. పైలట్ కావాలని అక్కడ చేరిన మేనల్లుడు, విమానం కూడా బండేగా అంటూ ఆమెనూ లాక్కొచ్చాడు. అతను అత్తా అనడం విని తోటివాళ్లంతా అదే వరస కలిపేశారు.

రావడం తేలికే, గట్టెక్కడమే కష్టమైంది. నలభై ఆరేళ్ల వయసులో పుస్తకం పట్టి, లైసెన్సు పరీక్ష రెండుసార్లు తప్పింది. మొదటిసారి అలవాటు కొద్దీ చెవిని నమ్ముకుంది. బస్సయితే శబ్దం విని రోగం చెప్పేసేది, ఆగి ఉన్న విమానం అంత ఉదారంగా నోరు విప్పదు. రెండోసారి లేని లోపం రాసింది. అక్కడ అది చిన్న తప్పు కాదు. కొండమీద పురిటినొప్పులతో ఎదురుచూసే తల్లికి, ఊరికే నిలబెట్టిన విమానమూ పాడైన విమానమూ ఒకటే. మూడోసారీ తప్పితే ఇక ఇంటిదారే.

పరీక్ష పెట్టే పెద్దాయనకు భూతద్దం అని పేరు. ముప్ఫై ఏళ్లుగా ఆయనది ఒకటే పద్ధతి. పొద్దుటి ప్రార్థన కాగానే షెడ్డు తలుపులు మూసి, విమానంలో మూడు లోపాలు తన చేత్తో పెడతాడు. రెండు గంటల్లో మూడూ పట్టాలి. దేవుడు రెక్కలిస్తాడు గానీ పిన్నులు మనమే పెట్టుకోవాలన్నది ఆయన రోజూ చేసే ప్రసంగం.

మూడో పరీక్ష రోజు బస్సత్త గంటలోనే మూడూ పట్టేసింది: వదులైన ఆయిలు మూత, చక్రానికి లేని పిన్ను, తలకిందులుగా బిగించిన బోల్టు. కాగితం ఇచ్చేసి హాయిగా టీ తాగొచ్చు. ఆ మహాతల్లి అలా చేసి ఉంటే మనకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. తోకలోకి దూరి, తోకరెక్కను ఆడించే ఉక్కు తీగ వెంట గుడ్డముక్క పట్టి లాగింది. పోగు తెగి ఉంటే గుడ్డకు చిక్కుకుంటుంది. కప్పీ దగ్గర గుడ్డ సన్నగా చిక్కుకుంది. మళ్లీ లాగితే చిక్కుకోలేదు.

ఆమె కాగితం ముందు పెట్టుకుని ఆలోచించింది. రాస్తే పోయినసారి తప్పే మళ్లీ చేసినట్టవుతుందేమో. రాయకపోతే, మర్నాడు ఆ విమానం నడపాల్సింది మేనల్లుడు. అతను కాకపోతే మాత్రం? నడిపేవాడు ఎవరైనా, ఎవరో ఒకరికి మేనల్లుడే అవుతాడు. నాలుగో లోపం రాసింది.

భూతద్దం కాగితం చూసి, తానే తోకలోకి దూరి గుడ్డ లాగాడు. సాఫీగా వచ్చింది. ఆయన పట్టిన కుందేటికి మూడే కాళ్లు. అయినా ఆమె పాసవ్వాలనే ఆయన కోరిక.

"నేను పెట్టింది మూడేనమ్మా. ఆ నాలుగోది కొట్టేయండి, పాసైపోతారు."

"కొట్టేయను సార్. తీగ విప్పి, వంచి చూడండి. ఏం లేకపోతే నేనే పెట్టె సర్దుకుంటా."

షెడ్డులో అందరూ చేతిలో పని వదిలేసి మూగారు. తీగ విప్పడానికి అరగంట పట్టింది. ఆ అరగంటలో బస్సత్త తనకొచ్చిన కీర్తనలన్నీ మనసులో మొదలుపెట్టింది, ఒక్కదానికీ రెండో చరణం గుర్తురాలేదు. కప్పీ కింద నలిగిన చోటును పెద్దాయన గుండ్రంగా వంచాడు. తెగిన పోగులు ముళ్లలా లేచాయి. ఒకటి, రెండు, చివరికి ఏడు. వారం కిందట ఆ తీగ బాగుందని సంతకం పెట్టింది ఆయనే.

అందరి ముందూ ఆయన రికార్డు పుస్తకం తెరిచి, తాను చూడలేకపోయిన లోపాన్ని ఆమె చూసిందని పైకి చదువుతూ రాశాడు. నిజంగా పెద్దమనిషి. తర్వాత, విమానం ఎగరకూడదని కట్టే ఎర్ర చీటీ తీశాడు. లైసెన్సున్న మెకానిక్కు తప్ప దానిమీద ఇంకెవరూ సంతకం చేయకూడదు. చీటీనీ కలాన్నీ ఆమె చేతిలో పెట్టాడు.

"సంతకం మీరు పెట్టండి."

ఆమె చీటీని రెక్కమీద ఆనించి రాసింది. సంతకం వంకరగానే పడింది. చీటీ కట్టి వెనక్కి తిరిగితే, మేనల్లుడు కళ్లు తుడుచుకుంటూ నవ్వుతున్నాడు.

"నా ప్రయాణం ఆపేశావు కదత్తా."

"ఇవాళ ఆపింది నేనేరా," అంది బస్సత్త. "తీగ మార్చాక పంపించేదీ నేనే."