కంపాస్ కింద స్వామి

కరోనా సద్దుమణిగిన తర్వాతి వేసవిలో నన్ను జగ్గయ్యపేట పంపారు. అక్కడొక వ్యాపారికి సొంత రన్‌వే, నాలుగు సీట్ల విమానం ఉండేవి. నేను లైసెన్సున్న విమాన మరమ్మతు ఇంజనీరుని. నా సంతకం లేనిదే విమానం లేవదు. ఆ సంతకం మీద లోకానికి ఎంత గౌరవమో తెలియదు గానీ, నాకు మాత్రం చాలా ఉండేది.

పైలట్ జాన్‌ది నందిగామ. ఒక ఉదయం మసకలో విజయవాడ బయల్దేరి జి.కొండూరు మామిడితోటల మీద తేలాడు. జీపీఎస్ రిపేరుకు వెళ్లింది కనుక దిక్కు చెప్పేది కంపాస్ ఒక్కటే. వెనక సీట్లోని యజమాని, "ఏమయ్యా, హైవే మీద చిల్లకల్లులో ఏ లారీ డ్రైవర్ని అడిగినా దారి చెప్పేవాడుగా!" అన్నారట.

నేను కంపాస్ స్వింగ్ చేశాను. అంటే చుట్టుపక్కల ఇనుము లేని చోట, ఇంజను నడుస్తుండగా విమానాన్ని ఒక్కో దిక్కుకూ తిప్పి, కంపాస్ చూపేదాన్ని అసలు దిక్కుతో పోల్చడం. తేడా ఉంటే ఇత్తడి స్క్రూడ్రైవరుతో సరిచేస్తాం. సరిచేయడానికి ఏమీ కనబడలేదు.

"మీరు చూసేటప్పుడు బాగానే ఉంటదండీ. నేను ఎగిరేటప్పుడే పక్కకి లాగుద్ది," అన్నాడు జాన్.

"అయితే దిక్కులు మిమ్మల్ని చూసి తప్పుకుంటున్నాయన్నమాట," అన్నాను. నా చమత్కారానికి నేనే నవ్వుకుని, కంపాస్‌లో లోపం లేదని రాసి సంతకం పెట్టాను. ఆ కాగితంతోనే జాన్ ఉద్యోగం పోయింది.

కొత్త పైలట్ కూడా జి.కొండూరే వెళ్లాడు. ఆ ఊరి మీద ఇద్దరికీ ఒకే మోజు ఉండదని నా మేధస్సుకు అప్పుడు తట్టింది. తర్వాతి ప్రయాణానికి నేనూ ఎక్కాను. బయల్దేరే ముందు యజమాని కారు డ్రైవర్ సుబ్బారావు పరుగున వచ్చి, చిన్న ఆంజనేయస్వామి బొమ్మను కళ్లకద్దుకుని కంపాస్ కింద నిలిపాడు. కార్లలో పెట్టుకునే రకం; అడుగున అయస్కాంతం. అల్యూమినియానికి అతుక్కోదు కనుక దానికి టేపు చుట్టాడు. ఆ టేపు చాటున అయస్కాంతం ఏ పైలట్‌కీ కనబడలేదు. నా కళ్లముందే కంపాస్ మెల్లగా పక్కకు తిరిగింది.

"నేను పరీక్షించిన రోజు ఇది లేదేం?"

"మెకానిక్కులు నీసు తినొచ్చి ముట్టుకుంటారేమోనని తీసి కార్లో పెట్టేవాణ్ణండీ. మీరు వెళ్లాక మళ్లీ ఇక్కడ పెట్టేవాణ్ణి."

అలా నా పరీక్ష ఎంతో పవిత్రంగా జరిగింది.

రెండో నివేదిక రాశాను. యజమాని స్వామిని కారుకు మార్చారు గానీ జాన్‌కు కబురు పెట్టలేదు. నేనే నందిగామ వెళ్లి చెప్పాను.

"నాకు చెప్పారు, బానే ఉంది. దారి తప్పినోడని ఊరంతా అంటంది. వాళ్లకెవరు చెబుతారండీ?" అన్నాడు.

అందుకే ఇది రాస్తున్నాను: జాన్ దారి తప్పలేదు.

నేను నేర్చుకున్నది ఒకటే. విమానం ఎలా ఎగురుతుందో అలాగే ఉంచి పరీక్షించాలి, స్వామితో సహా. నడిపేవాడి మాట పూర్తిగా విన్నాకే కలం తీయాలి.