పుంగనూరులో కలవమన్నారు

ఇంజన్ ఆయిల్ వేడిగా ఉన్నప్పుడే దించాలి. చల్లారితే మడ్డి అడుగునే మిగిలిపోతుంది. అందుకని ఆ శనివారం పొద్దున్నే బండిని అంగళ్లు దాకా ఒకసారి తిప్పుకొచ్చాను. మదనపల్లెలో పుంగనూరు రోడ్డు మీదున్న మెకానిక్ షెడ్డులో స్టాండు వేసి, నేనే కింద కూర్చుని నట్టు విప్పాను. నల్లటి నూనె తొట్టిలోకి దిగుతుంటే మెకానిక్ నా పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"ఏంక్కా, ఈ పనిగూడా నువ్వే జేసుకుంటే నేను యాడికి పోవాల?"

"నువ్వు పోయి టీ చెప్పి రా," అన్నాను.

మర్నాడు బండ్ల మీద ఊళ్ళు తిరిగే మా గుంపు కన్యాకుమారికి బయల్దేరుతోంది. మదనపల్లె నుంచి పుంగనూరు, పలమనేరు, వి.కోట మీదుగా కుప్పం. అక్కడ ఆగి టీ తాగి, రాష్ట్రం దాటి ఇక నేరుగా దక్షిణానికి. గుంపులో ఆడమనిషిని నేనొక్కదాన్నే. కుప్పం దాకా ముందు బండి నాది. ముందు బండి అంటే అందరికంటే వేగంగా పోవడం కాదు. గుంత ఎక్కడుందో, ఎక్కడ నెమ్మదించాలో వెనకవాళ్ళకు చెయ్యి చూపిస్తూ పోవడం. ఆ పని ఎవరో దయతలచి ఇచ్చింది కాదు. నా మొదటి ఉద్యోగం రామకుప్పం వైపు. ఏ మలుపు దగ్గర రాగి చేల కోసం ఏనుగులు రోడ్డు దాటుతాయో ఆ గుంపులో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

నాది పశువుల ఆస్పత్రి ఉద్యోగం. ఇప్పుడు తంబళ్లపల్లె వైపు పల్లెల్లో గొర్రెలకు సూదులేస్తాను. పిల్లలు నన్ను చూస్తే "సూదులామె వస్తాంది" అని పరిగెత్తుతారు, గొర్రెలు వాళ్ళ కంటే ముందే పరిగెత్తుతాయి. మొదట స్కూటర్ మీద తిరిగేదాన్ని. ఆ రాళ్ళ దారుల్లో అది మూలపడ్డాక గేర్ల బండి నేర్చుకున్నాను. మా అమ్మానాన్నలు చెనక్కాయ చేలల్లో కూలికి పోయినవాళ్ళు. వాళ్ళ కూతురు పెద్ద ట్యాంకు, రెండు పక్కలా సామాను పెట్టెలు ఉన్న ఈ టూరింగ్ బండి కొంటుందని ఎవరూ అనుకోలేదు. ఎవరూ అనుకోనందుకే కొన్నానేమో కూడా.

ఇది మా ఆయన బండి అనుకుంటారు చాలామంది. ఆయన పోయాక నేను నడుపుకుంటున్నానని వాళ్ళ జాలి. ఆయనకు రెండు చక్రాల బండంటేనే భయం. వెనక కూర్చుని నా భుజాలు రెండూ గట్టిగా పట్టుకుని కళ్ళు మూసుకునేవాడు. అట్లా కళ్ళు మూసుకునే నాతోపాటు ఎన్ని పెళ్ళిళ్ళకు వచ్చాడో. జబ్బు చేసి పోయాడు మనిషి. బండి మాత్రం మొదటి నుంచీ నాదే.

ఆయిల్ మార్చాం. బ్రేకు ప్యాడ్లు అరిగిపోతే కొత్తవి వేశాం. క్లచ్ వైరు ఇంకొకటి కొని పెట్టెలో పడేశాను. ఇక చైను పని మిగిలింది. కిరసనాయిలు, పాత టూత్ బ్రష్ పెట్టుకుని ఒక్కొక్క లింకూ రుద్దుతూ కూర్చున్నాను. సర్వీసులో నాకు అన్నిటికంటే ఇష్టమైన పని అదే. చేతులు నల్లబడే కొద్దీ మనసు తేలికవుతుంది.

అప్పుడొచ్చాడు మండీ అన్న. టమేటా మండీ నడుపుతాడు, మా గుంపుకు పెద్ద. ముందురోజు అందరి బండ్లూ చూసి, టైర్లు తట్టి, సరే అనడం ఆయన పని. మంచివాడు. మా ఆయన ఆస్పత్రిలో ఉన్నప్పుడు ఇంటి నుంచి క్యారియర్ మోసుకొచ్చినవాడు. అందుకే ఆ రోజు ఆయన నోటి నుంచి వచ్చిన మాట ఇంకొకరు అని ఉంటే తగిలేదానికంటే గట్టిగా తగిలింది.

బండి చుట్టూ తిరిగాడు. బ్రేకు నొక్కి చూశాడు. "బెమ్మాండంగా ఉండాదిమ్మా," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. "ఒక మాట. రేపు నువ్వు మండీ కాడికి రావద్దులే. నేరుగా పుంగనూరుకు పో. మేమొచ్చి ఆడ కలుస్తాం. ఆణ్ణించి నువ్వే ముందు పో, నేనేం కాదన్ను."

"యాలన్నా? ఎందుకు రావద్దు?"

"ఏం లేదులేమ్మా. మా ఆడోళ్ళు హారతి పట్టుకోనొస్తాండారు. పెద్దోళ్ళు గూడా వస్తారు. బయల్దేరే టయానికి... నేను నమ్మనుమ్మా ఇయన్నీ. ఇంట్లోవాళ్ళు అనుకుంటాండారు."

"ఏమనుకుంటాండారు?"

ఆయన వంగి టైరు తట్టాడు. నాకు తెలియక కాదు అడిగింది, ఆయన నోటితో వినాలని అడిగాను. మా వైపు ఎవరైనా దూరం బయల్దేరితే ముత్తైదువ ఎదురు రావాలి, నిండు బిందెతో వస్తే మరీ మంచిది. మొగుడు పోయిన మనిషి ఎదురైతే వెనక్కి తిరిగి ఇంట్లోకి పోయి, మంచినీళ్ళు తాగి, కాసేపు కూర్చుని మళ్ళీ బయల్దేరాలి. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పేవాళ్ళ ఇళ్ళల్లో కూడా ఈ నీళ్ళు తాగుతారు.

"పోయినసారి హార్స్‌లీ హిల్స్ పోయినప్పుడు ఆ పిల్లోడు పడ్ణ్యాడు గదమ్మా," అన్నాడు చివరికి. "భుజం ఎముక ఇరిగె. ఆ పొద్దు గూడా అందరికీ ముందర నువ్వే నిలబడింటివి."

నాకు ఒళ్ళు మండిపోయింది. చేతిలో బ్రష్షు అట్లాగే పట్టుకుని లేచాను.

"ఆ పిల్లోని సైను జూసినావా అన్నా? చీర కుచ్చిళ్ళ మాదిరి యాలాడతాండె. ఘాటు మలుపులో ఊడి చక్రానికి సుట్టుకునె. పడకుండా ఎట్లుంటాడు? సైనుకు నూనె లేక పడినాడు, నన్ను జూసి కాదు."

ఆడలేనమ్మ మద్దెల ఓడందని మనవాళ్ళు ఊరికే అనలేదు. ఆయన తల ఊపాడు. "నాకు తెలుసుమ్మా. నేను నమ్మను గానీ," అన్నాడు మళ్ళీ. 'నేను నమ్మను గానీ' అనేవాళ్ళతో నాకు పెద్ద తంటా. నమ్మేవాడితో అయినా పోట్లాడవచ్చు. వీళ్ళు నమ్మరు, అయినా నిన్ను పక్కకు జరగమంటారు, పైగా ఎంత మర్యాదగా అడిగామో చూడమంటారు.

"నేను మండీ కాణ్ణించే బయల్దేరతా. ముందరే ఉంటా," అన్నాను. "నేనంటే పడనోళ్ళు మీరే పుంగనూర్లో కలవండి."

ఆయన వెళ్ళిపోయాడు. నేను కూర్చుని వెనక చక్రం నట్టు బిగించడం మొదలుపెట్టాను. ఎంత బిగించానో నాకే తెలియలేదు. మెకానిక్ వచ్చి చైనును వేలితో పైకెత్తి చూశాడు, అది కదల్లేదు.

"అక్కా, ఆయన మింద కోపం దీని మింద జూపిస్తే ఎట్ల? పలమనేరు కాడనే తెగుతాది. రవంత వదులు."

వదిలాను. చైను వరకే వదిలాను.

ఇంట్లో నేనూ మా అత్తా ఇద్దరమే ఉంటాం. ఆమెకు భర్త పోయింది మా ఆయన పసిపిల్లాడిగా ఉన్నప్పుడు. సంగటి కెలుకుతూ కూర్చుంది. జరిగింది చెప్పాను. నా పక్షం మాట్లాడుతుందనుకున్నాను.

"పుంగనూర్లోనే కలిస్తే ఏం పోతాది మే?" అంది. "ఆయప్ప మంచికే చెప్పినాడు. ఏమన్నా జరిగితే ఆ మాట నీ నెత్తిన పడతాది."

"నువ్వు గూడా అదే మాటా అత్తా?"

ఆమె కెలకడం ఆపింది. "నువ్వు దినామూ డ్యూటీకి పొయ్యేటప్పుడు నేను యాడుంటానో ఏనాడన్నా జూసినావా?"

చూడలేదు. వంటింట్లో పనిలో ఉంటుందనుకునేదాన్ని. పనిలో ఉండదట. వంటింటి తలుపు వెనక నిలబడుతుందట. బండి చప్పుడు వీధి మలుపు దాటాక బయటికొస్తుందట. నాకు ఎదురుపడకూడదని, నాకు ఏమీ కాకూడదని.

"నీ మొగుడు తొలీత ఉద్యోగానికి పొయ్యే దినం ఎనుముల కొట్టంలో కూసోనుంటి," అంది. "కొత్త అంగీ ఏసుకున్నాడంట. అందురూ చెప్పినారు. నేను సూళ్ళా."

నాకు ఏడుపొచ్చింది, దాని వెనకే అంతకంటే పెద్ద కోపం వచ్చింది. ఆ కోపంలో అనకూడని మాట అనేశాను. "నువ్వు కొట్టంలో కూసున్నా నీ కొడుకు పోయినాడు గదా అత్తా. నువ్వు తలుపెనక నిలబడినా పోయినాడు గదా!"

ఆమె ముఖం చూడలేకపోయాను. పొయ్యి మీద సంగటి మాడు వాసన వచ్చింది. దించి పక్కన పెట్టాను.

"రేపు నువ్వే నాకు ఎదురు రా," అన్నాను. "నిండు బిందెతో రా. నాకు ఎదురొచ్చే మనిషి నువ్వు తప్ప ఇంకెవరుండారు?"

"నీకు పిచ్చి పట్టిండాది," అంది. ఆ పూట ఇద్దరం ఆ మాడు సంగటే తిని పడుకున్నాం.

మర్నాడు లేచి చూస్తే ఇంట్లో ఆమె లేదు. నా మీద అలిగి ఎదురింటికి పోయి ఉంటుందనుకున్నాను. తలుపు వెనక కూడా చూశాను. మనసు చివుక్కుమంది. బండి తీసుకుని మండీ దగ్గరికి పోయాను.

అప్పటికే ఎండ పడుతోంది. బండ్లన్నీ వరసగా నిలబడి ఉన్నాయి. చక్రాల కింద నిమ్మకాయలు, ట్యాంకుల మీద పసుపు బొట్లు. నేను వరస పక్కనుంచి పోయి అందరికంటే ముందు ఆపాను. మండీ అన్న నా వైపు చూసి, చేతి గడియారం వైపు చూసుకున్నాడు. ఆయన భార్య హారతి పళ్ళెంతో ఒక్కొక్క బండి దగ్గరికీ వస్తోంది. నా దాకా వచ్చి ఒక్క క్షణం ఆగింది. పాపం, ఆమె చెయ్యి ముందుకు కదిలింది కూడా. వెనక నుంచి ఎవరో దగ్గారు. పళ్ళెం వెనక్కి పోయింది.

నేను హెల్మెట్ తొడుక్కుని ఇంజన్ స్టార్ట్ చేశాను. అప్పుడే కనిపించింది. పుంగనూరు వైపు నుంచి, నడిరోడ్డున, స్టీలు బిందె నడుమున పెట్టుకుని మా అత్త వస్తోంది. బొట్టు లేని ఆ ముఖం ఎవరూ పొరబడే ముఖం కాదు. ఎక్కడ నింపుకుందో బిందె, అంచు దాకా ఉన్నాయి నీళ్ళు. నీళ్ళు తొణికి చీరంతా తడిసింది. అయినా రోడ్డు పక్కకు జరగలేదు.

"అయ్యో, ఎవురామె, జరగమనండప్పా!" అని ఒక ఆడగొంతు అరిచింది. నా వెనక ఒక ఇంజన్ ఆగింది. తర్వాత ఇంకొకటి. తర్వాత వరసగా అన్నీ ఆగాయి. నీళ్ళ సీసాల మూతలు విప్పుతున్న చప్పుడు వినిపించింది. తాగండి నాయనా, బాగా తాగండి అనుకున్నాను.

నేను మొదటి గేరు వేసి నెమ్మదిగా ఆమె దగ్గరికి పోయి ఆపాను. ఆమె పెదాలు తడారిపోయి ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఒక మనిషి ప్రయాణానికి ఎదురుగా వచ్చి నిలబడింది. భయంతో చచ్చిపోతోంది. గొంతు మాత్రం మండీ అంతా వినిపించేలా లేపింది.

"పొయ్యిరా మే!"

ఎడమ చెయ్యి పైకెత్తాను. మా గుంపులో అది కదలమని గుర్తు. ఎవరూ కదల్లేదు. నేను కదిలాను. పుంగనూరు దాకా నా వెనక ఒక్క బండీ లేదు. ఆ దారి అంత బాగుంటుందని నాకు అప్పటిదాకా తెలియదు.

ఊరు మొదట్లో చింతచెట్టు కింద ఆగి వాళ్ళ కోసం చూశాను. వాళ్ళను వదిలిపెట్టి పోవడం నా ఉద్దేశం కాదు, ముందు బండి పని అది కాదు. నీళ్ళు తాగి, కాసేపు కూర్చుని, ఒకరి వెనక ఒకరు వచ్చారు. ఎవరినీ ఏమీ అడగలేదు. మళ్ళీ చెయ్యెత్తాను. ఈసారి కదిలారు. పలమనేరు దాటి, వి.కోట దాటి, గుంతలు చూపిస్తూ, ఏనుగుల మలుపుల దగ్గర హారన్ కొట్టకుండా నెమ్మదిగా అందరినీ కుప్పం చేర్చాను.

టీ అంగడి ముందు బండ్లు ఆపాక అందరూ నాతో నవ్వుతూ మాట్లాడారు, ఏమీ జరగనట్టు. మావాళ్ళకు ఆ విద్య బాగా వచ్చు. మండీ అన్న నా టీ తానే తెచ్చిచ్చాడు. అంతలో ఫోను మోగింది, అత్త. ఒక చేతికి గ్లౌజు, ఇంకో చేతిలో గ్లాసు. స్పీకర్లో పెట్టి ట్యాంకు మీద ఉంచాను.

"చేరినావా?"

"చేరినానత్తా. కుప్పంలో ఉండాం."

"నీకేం గాలేదు గదా?"

"ఏం గాలేదు."

"మిగిల్నోళ్ళు?"

"అందురూ బాగుండారు."

"ఎవురూ పళ్ళేదా? ఒకరు గూడా?"

"ఒకరు గూడా పళ్ళేదత్తా. నువ్వు తిన్న్యావా?"

"యాడ తినేది? బిందె దించినకాణ్ణించి వాకిట్లోనే కూసోనుండా. నోట్లో గుక్కెడు నీళ్ళు గూడా పోసుకోలా."

లైను కట్టయిందేమో అనుకున్నాను. మళ్ళీ ఆమె గొంతు వచ్చింది. అందులో ఏడుపు లేదు, కోపం ఉంది. ఆమె గొంతులో కోపం నేను ఎన్నడూ వినలేదు.

"అట్లయితే ఇన్నేండ్లూ నన్ను యాల లోపల కూసోబెట్నారు?"

అంగడి ముందు అందరూ నా ట్యాంకు వైపు తిరిగారు. మండీ అన్న గ్లాసులోకి చూస్తున్నాడు. నేను ట్యాంకు మీది ఫోను తీసి ఆయన చేతిలో పెట్టాను.

"నువ్వు చెప్పన్నా," అన్నాను.