చాచా పావురాలూ, నా వీపీఎనూ

ఇంటి నుంచే ఉద్యోగమని చెబితే చాలు, చుట్టాలంతా కుళ్లుకునే రోజులవి. నాకు ఇరవై రెండేళ్లు, మొదటి ఉద్యోగం. దబీర్‌పురాలో మా ఇంటి గల్లీ వైపు గదిలో బీరువాకూ బియ్యం డ్రమ్ముకూ మధ్య ఇరికించిన చిన్న టేబులే నా ఆఫీసు. ఆరు నెలలు పని చూసి ఉంచుకుంటారో పంపించేస్తారో చెబుతామన్నారు. నాన్న షాపు మూతబడి ఆయన ఇంట్లోనే కూర్చున్న ఏడాది అది. కాబట్టి పంపించేస్తే ఏమవుతుందో నాకు ఎవరూ విడమరిచి చెప్పనక్కర్లేదు. మా బతుకంతా ఒక్క వీపీఎన్ మీద వేలాడేది. (తెలియనివాళ్ల కోసం: ఇంట్లో కూర్చుని ఆఫీసు కంప్యూటర్లలోకి వెళ్లే దారి అది. దొంగలు రాకుండా పెట్టారట. నన్ను మాత్రం దొంగను తోసినట్టే తోసేసేది.)

పొద్దంతా బుద్ధిగా ఉండేది. సాయంత్రం అయిదు దాటగానే, సరిగ్గా మేనేజరుతో మీటింగ్ వేళకు, పుటుక్కున తెగేది. మళ్లీ పాస్‌వర్డ్, మళ్లీ ఫోన్‌కు కోడ్, మళ్లీ లోపలికి, మళ్లీ పుటుక్కు. అమ్మ ఫోన్‌లో సీరియల్ మాత్రం నత్తనడకనైనా నడిచేది. "ఉన్నావా? అసలు ఉన్నావా?" అని మేనేజరు అడిగేవాడు. "ఉన్నాను సార్!" అని నేను అరిచిన అరుపు మా వంటింటి దాకా మాత్రమే చేరేది. "ఏందే గట్ల ఒర్రుతున్నవ్? చాయ్ తెస్తున్న గద!" అనేది అమ్మ.

ఆఫీసు హెల్ప్‌డెస్కులో ఒకాయన ఉండేవాడు. నేను ఆయనకు టికెట్ సార్ అని పేరు పెట్టుకున్నాను, ఎందుకంటే ఎంత ఏడుపు గొంతుతో చెప్పినా "టికెట్ రెయిజ్ చేశారా మేడం?" (ఫిర్యాదు రాసి పంపారా అని) అనేవాడు. ఆయన చెప్పినట్టే రౌటర్ ఆపి మళ్లీ వేశాను, వైఫై మానేసి వైరు గుచ్చాను, వీపీఎన్ తీసేసి మళ్లీ ఎక్కించాను. ఏదీ పనిచేయలేదు. చివరికి విసుగొచ్చి, "ఎప్పుడెప్పుడు పోతోందో రాసిపెట్టండి మేడం" అన్నాడు. రెండు వారాలు నోటు పుస్తకంలో రాశాను. అన్నీ అయిదుకూ ఆరుకూ మధ్యే. ఆ వేళకు మా గల్లీలో జరిగేది ఒక్కటే, ఎదురు మేడ మీద కబూతర్ చాచా పావురాల్ని ఎగరేయడం.

చాచా గడియారాలు బాగుచేస్తాడు. సాయంత్రం దుకాణం కట్టేసి వచ్చి, బొంగు కర్రకు నల్లగుడ్డ కట్టి ఊపుతూ "ఆవ్... ఆవ్..." అని పిలిస్తే ఇరవై పావురాలూ మిద్దెల మీద చుట్టు కొట్టి దిగేవి. దిగడం ఎక్కడనుకున్నారు? మా ఇంటికొచ్చే ఇంటర్నెట్ వైరు మీద! ఆ సందడి విని మేనేజరు ఒకసారి "జూ పక్కన ఉంటారా?" అని అడిగినప్పటి నుంచి, సిగ్గేసి, అయిదు కాగానే కిటికీ బిగించుకుని కూర్చునేదాన్ని.

నోటు పుస్తకం పట్టుకుని చాచా మేడెక్కాను.

"చాచా, మీ కబూతర్లు వైరు మీద కూసుంటున్నయి. నా లైన్ పోతున్నది."

"అరే బేటీ, గుప్పెడు బరువు లేవు. గవి కూసుంటే లైన్ పోతదా?"

పుస్తకం చేతిలో పెట్టాను. కళ్లద్దాలు సర్దుకుని టైములన్నీ ఒక్కొక్కటే చదివాడు. చాలాసేపు చదివాడు.

"నౌకరీ పోతదా దీంతోని?"

"పోతది చాచా," అన్నాను, అనగానే భోరుమని ఏడ్చాను. (నాటకం కాదు, నిజం ఏడుపే.)

"ఫికర్ నక్కో కరో బేటీ, రంది పడకు," అన్నాడు.

మూడో రోజుకు మేడ ఖాళీ. పావురాలన్నిటినీ ఉస్మాన్‌గంజ్‌లో ఒక దోస్తుకు ఇచ్చేశాడట. ఎగిరి వాపసు రావా అని అమ్మ అడిగితే, "రెక్కలు కత్తిరిస్తరు భాభీ, రావు" అన్నాడట. ఆ రోజు నుంచి వీపీఎన్ ఒక్కసారి కూడా తెగలేదు. నెలాఖరుకు ఉద్యోగం ఖాయమైంది. మిఠాయి తీసుకెళితే చాచా ఒక ముక్క నోట్లో వేసుకుని "ముబారక్" అన్నాడు. అయిదింటికి అలవాటు చొప్పున ఖాళీ మేడ మీద కూర్చునే ఉన్నాడు.

తర్వాత వానలొచ్చాయి. జల్లు లోపలికి కొడుతోందని ఒక మధ్యాహ్నం కిటికీ బిగించాను. పుటుక్కు! తెరిచాను, వచ్చింది. మూశాను, పోయింది. ఆ కిటికీ సందులోంచే ఇంటర్నెట్ వైరు లోపలికొస్తుంది. కిటికీ రెక్క నొక్కినప్పుడల్లా అది మడత పడి నలుగుతోంది. వేసవంతా రోజూ అయిదింటికి దాని పీక నొక్కింది నేనే. పావురాలు పోయాక సందడి లేదు, నేను కిటికీ మూయలేదు, లైన్ పోలేదు. నవ్వొచ్చింది, ఆ వెంటే ఎదురుగా ఖాళీ మేడ కనిపించింది.

మూడో రోజు చాచా దగ్గరికెళ్లి చెప్పేశాను. చాచా దగ్గు వచ్చేదాకా నవ్వాడు.

"నేను పొద్దుగాల గూడ ఎగరేస్తుంటి గద బేటీ, పదింటికి, దుకాణం పోయే ముంగట. గప్పుడు గూడ వైరు మీదనే కూసుంటుండె. నీ కితాబ్‌ల పొద్దుగాల టైం ఒక్కటన్న లేకుండె."

"మరి ఆ రోజే చెప్పకపోతిరి?"

"నువ్వు ఏడుస్తుంటివి. పక్కా నాకు గూడ తెల్వదు. ఒకవేళ గవే అయితే? నీ నౌకరీ పోయినంక నేను రోజూ ఏ మొహం పెట్టుకొని ఎగరేస్త?"

వెళ్లి తెచ్చుకుందాం చాచా, నేనూ వస్తానన్నాను. ఆ దోస్తు ఎప్పుడో ఎవరెవరికో అమ్మేశాడట. "ఛోడ్ బేటీ, ఇడిచిపెట్టు," అని చాచా చాయ్ తాగుదామని లోపలికి పిలిచాడు. వెళ్లి తాగాను.

అదే ఉద్యోగంలో ఇంకా ఉన్నాను. అయిదింటి మీటింగులో ఇప్పుడు నా గొంతు ఖంగున పలుకుతుంది, గల్లీలో అంత నిశ్శబ్దం మరి. అప్పుడప్పుడు ఆ ఇరవై రెండేళ్ల పిల్లను తలుచుకుని నవ్వుకుంటాను. రెండు వారాల పాటు నిమిషాలతో సహా అన్నీ రాసింది గానీ, పొద్దున పదింటికి ఒక్కసారి తలెత్తి ఆకాశం వైపు చూడలేదు.