ఒకే కుండ కూడు, రెండు ఒళ్లు

నాది పెనుకొండ. ధర్మవరంలో పట్టుచీరల అంగడి ఉన్న ఇంటికి రెండో కోడలిగా వచ్చాను. ఇద్దరు కోడళ్లం ఒకే కుండలో కూడు తిన్నాం. పెద్దకోడలు కట్టెపుల్లలాగే ఉండిపోయింది. నేను ఏటికేడు లావెక్కాను. నన్ను ఎత్తిపొడవడానికి ఆమెకు ఆ తేడా చాలింది.

నిజానికి తిండి ఆమెదే ఎక్కువ. సంగటి ముద్ద నేను సగం తింటే ఆమె నిండుగా తినేది. కానీ ఒక చోట కూర్చోదు. కూర్చున్నా కాలు ఊపుతుంది, కొంగు సర్దుతుంది, మాట మధ్యలో లేచివెళ్లి తలుపు దగ్గరికి వేసి వస్తుంది. నేను అంగట్లో పరుపు మీద కూర్చుంటే పొద్దుగూకేదాకా చీరలు విప్పి చూపడమే. మిద్దె మీది మూటలు ఆమె తెచ్చేది. లేవాలని నాకు తోచేదే కాదు. ఇంట్లో నా లావుకు తిండిపోతుతనమనీ, ఆ కూర్చోవడానికి సోమరితనమనీ పేర్లు పెట్టారు.

హిందూపురంలో మా అత్తగారి చెల్లెలి ఇంట్లో పెళ్లి జరిగింది. నా ఆకులో రెండో ఓళిగ, అదే బొబ్బట్టు, వేయబోతుంటే పెద్దకోడలు వడ్డించేవాడి చెయ్యి పట్టుకుంది.

"ఆయమ్మకు వద్దప్పా. ఇప్పటికే రవికలు పట్టల్యా."

పంక్తంతా నవ్వింది. మా ఆయన తలవంచుకుని మరీ నవ్వాడు. నేను ఆకు మడిచి లేచాను. ఆ రోజు నుంచి ఆమె గొంతు వింటేనే నాకు కంపరం.

తర్వాత మోకాళ్ల నొప్పికి హిందూపురంలోనే ఒక డాక్టరమ్మ దగ్గరికి వెళ్లాల్సి వచ్చింది. వద్దన్నా వినకుండా అత్తగారు పెద్దకోడల్ని తోడు పంపింది. నేను నోరు విప్పకముందే నా తిండి గురించి ఆమే చెప్పసాగింది. డాక్టరమ్మ అంతా విని, మీరేం తింటారని ఆమెనే అడిగింది. ముద్ద నిండుగా తిన్నా ఒళ్లు రాదని ఆమె గొప్పగానే చెప్పుకుంది.

అప్పుడు డాక్టరమ్మ మెదడు సంగతి ఎత్తింది. లేవమని, కదలమని ఒంటికి కబుర్లు అక్కడినుంచే వస్తాయట. కొందరికి ఆ కబురు గట్టిగా, ఆగకుండా వస్తుందట. వాళ్లు తమకు తెలియకుండానే రోజంతా కదులుతూ తిన్నది కరిగించుకుంటారట. కొందరికి మెల్లగా వస్తుందట. ఒళ్లు పెరగడానికి అదొక్కటే కారణం కాదు గానీ దాని పాలూ ఉందని చెప్పింది.

"ఈమె వచ్చినప్పటినుంచీ కాలు ఆపలేదు, చూడండి. అది ఈమె గొప్పా కాదు, మీ తప్పూ కాదు. మీ మెదడు చెప్పకపోతే మీరే గుర్తు పెట్టుకుని లేవాలి."

పెద్దకోడలు తన మోకాలిని చేత్తో నొక్కిపట్టుకుంది. నాకు కడుపు నిండినట్టయింది.

తిరుగు బస్సు పెనుకొండ దాటింది. అప్పుడు ఆమె నా వైపు చూడకుండానే అడిగింది.

"పెండ్లయి వచ్చినప్పట్నించి ఆ ఇంట్లో ఒళ్లొంచి చేసిండేదంతా నరాల జబ్బంటాదా ఆయమ్మ?"

ఆ గొంతులో నొప్పి ఉంది. నాకు తెలిసింది. ఓదార్చాలనిపించలేదు.

"జబ్బనలేదులే అక్కా. నీ గొప్ప కాదనింది, అంతే," అన్నాను.

మర్నాటి నుంచి అంగట్లో పరుపు వదిలి నిలబడ్డాను. బేరం వచ్చినప్పుడల్లా నేనే మిద్దె ఎక్కి చీరలు తెచ్చాను. అది ఆమెకు గిట్టలేదు. నేను మెట్టెక్కేలోపే తను పరుగెత్తేది, మూట నా చేతుల్లోంచి లాక్కునేది. ఒకసారి బేరగాళ్ల ముందే, "నా పని నాకిడిసిపెట్టు," అని గట్టిగా అనేసింది. నేను మూట వదల్లేదు. మామగారు విసిగిపోయి నన్ను అంగడికీ ఆమెను ఇంటికీ విడదీశారు.

ఒళ్లు పెద్దగా తగ్గలేదు. కొంచెం తగ్గింది, మోకాళ్లు తేలికయ్యాయి. నాకు షుగరొచ్చి చిక్కిపోతున్నానని పెద్దకోడలు వీధంతా చెబుతోందని పక్కింటామె మోసుకొచ్చింది. చెప్పుకోనీ అన్నాను. ఒకే ఇంట్లో ఉంటున్నాం, ఎదురుపడితే ఇద్దరం మొహాలు తిప్పుకుంటాం.