వెనక బరువు, ముందు వెలుగు

కోసపాళయంలో బండ్ల కరెంటు పని చేసే సుందరమూర్తికి దేన్నయినా విప్పి చూడందే నిద్ర పట్టదు. పెళ్ళికి వెళ్తే అందరూ బంతిలో కూర్చుని తింటుంటారు. ఈయన మాత్రం మైకుసెట్టు వెనక దూరి వైర్లు చూస్తుంటాడు. ఫ్యూజు పోయిందని దానికి సిగరెట్టు పెట్టెలోని వెండికాగితం చుట్టుకొచ్చే డ్రైవర్లను చూస్తే ఒళ్ళు మండేది. "ఫ్యూజు తాను పోయి బండిని కాపాడతాది. దాన్ని పోనీకుండా చేస్తే వైరు కాలతాది, దాని ఎనకనే నువ్వూ కాలతావు" అని తిట్టి, ఆ కాగితం పీకి పారేసేవాడు.

హెడ్‌లైట్లు సరిచేయడంలో అతనికి మంచి పేరు. షాపుకు ఎదురుగా, ఇరవై అయిదడుగుల దూరంలో అమ్మాయమ్మగారి ఇంటి గోడ. బండి లైటు ఎత్తు కొలిచి, దానికి నాలుగు వేళ్ళు కిందుగా ఆ గోడమీద సుద్దముక్కతో అడ్డగీత గీసేవాడు. డిమ్ లైటు వెలుగు ఆ గీత దాటకుండా స్క్రూ తిప్పేవాడు. దాటితే ఎదురొచ్చేవాడికి కళ్ళు బైర్లు కమ్ముతాయి. పదకొండేళ్ళుగా బజారు వ్యాన్లన్నీ ఆ గోడ ముందు నిలబడి వెళ్ళినవే. గోడ పాడుచేస్తున్నాడని అమ్మాయమ్మ తిట్టని రోజు లేదు.

1978లో ఒకనాడు అయ్యాసామి మొహం వేలాడేసుకుని వచ్చాడు. బియ్యం వ్యాపారి సీతాపతి దగ్గర వ్యాను నడుపుతాడు. విల్లియనూరు రోడ్డులో అతని లైటు కళ్ళలో పడి, వారం రోజుల్లో ఇద్దరు సైకిళ్ళవాళ్ళు కాలవలో పడ్డారు. చిన్న దెబ్బలతో బయటపడ్డారు గానీ, వాళ్ళ తాలూకు జనం సీతాపతి అంగడికొచ్చి నానా గొడవ చేశారు.

"డిమ్మే వేసినాన్నా, నా బిడ్డల మీద ఒట్టు. మొదలాళి సీతాపతి నమ్మలా. రేపట్నించి రావద్దనేసినాడు. నువ్వు చెప్తే ఇంటాడు, ఒక మాట చెప్పన్నా" అన్నాడు.

సుందరమూర్తి వ్యానును గోడ ముందు పెట్టించి చూశాడు. వెలుగు బుద్ధిగా గీత కిందే ఉంది. లైటు సరిగ్గా ఉందని చెబితే, డిమ్మే వేశానన్న అయ్యాసామి అబద్ధాలకోరు అవుతాడు, ఉద్యోగం పోతుంది. సరిగ్గా లేదని ఎలా అంటాడు, కళ్ళెదుటే కనిపిస్తుంటే? మరి ఆ ఇద్దరూ ఎందుకు పడ్డట్టు? పాపం, అయ్యాసామి మీద జాలి కంటే ముందు ఈ ప్రశ్నే అతన్ని పట్టుకుంది.

"వాళ్ళు పడినప్పుడు బండిలో ఏముండె?"

"ఏముంటాదన్నా? బియ్యం మూటలు. పన్నెండు."

సుందరమూర్తి చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. మూటలున్న బండి ఆ గోడ ముందుకు ఒక్కనాడూ రాలేదు. బజారు వ్యాపారులకు అదొక పట్టింపు. సరుకెక్కించి కర్పూరం వెలిగించాక బండి నేరుగా దించే చోటికే పోవాలి. మధ్యలో రిపేరు షాపు దగ్గర ఆగితే అపశకునం. అందుకని అందరూ ఖాళీ బండ్లే తెచ్చేవారు. అన్నీ విప్పి చూసే మనిషి ఆ ఒక్కటీ ఆలోచించలేదు.

ఆ సాయంత్రమే సీతాపతిని పిలిపించాడు. "ఒక్కసారి మూటలతో బండిని ఈడికి రానీండి సెట్టిగారూ" అంటే ఆయన చెవులు మూసుకున్నాడు.

"మా తాత నాటినించి లేని పని. ఆ మాటెత్తొద్దు."

ఎదురింటి గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మాయమ్మ ఊరుకోలేదు. "బరువే కదరా కావాల్సింది? మేం లేమా?" అని వీధిలోకి ఒక కేక వేసింది. కొళాయి దగ్గరి వాళ్ళు, పూలు కడుతున్న వాళ్ళు, పద్నాలుగు మంది ఆడవాళ్ళు ఒకరినొకరు తోసుకుంటూ, నవ్వుకుంటూ వ్యానెక్కారు. సుందరమూర్తి అందర్నీ బాగా వెనక్కి జరగమన్నాడు.

"కడాకి నన్ను బియ్యం మూట చేసినావు కదరా!" అని అమ్మాయమ్మ లోపల్నించి అరిచింది.

వ్యాను వెనక భాగం కుంగింది, ముక్కు లేచింది. గోడమీది వెలుగు గీత దాటి జానెడు పైకి ఎక్కింది.

"జానెడే కదా? దీనికే కళ్ళు పోతాయా?" అన్నాడు సీతాపతి.

"ఈడ జానెడు. వీధి చివర ఎంతో మీరే పోయి చూడండి."

వ్యానును వీధి పొడవుకు తిప్పించాడు. సీతాపతి పంచె ఎగగట్టి, విసుక్కుంటూనే చివరిదాకా నడిచి ఇటు తిరిగాడు. మసక చీకటి పడుతోంది. అయ్యాసామి లైటు వేశాడు. అంతే, సీతాపతి రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకుని, పక్కకు తూలి, గావుకేక పెట్టాడు.

"డిమ్ వెయ్యరా, పాపీ!"

"డిమ్మే మొదలాళీ! ఇది డిమ్మే!" అని వ్యానులోంచి అరిచాడు అయ్యాసామి.

సీతాపతి తిరిగొచ్చి, అయ్యాసామి మొహం చూడలేక నేల చూస్తూ, "పొద్దున్నే వచ్చెయ్యి" అన్నాడు.

"వాడి తప్పేం లేదు సెట్టిగారూ. నాదే" అన్నాడు సుందరమూర్తి. ఆ బరువుకే లైటును కిందికి దించి బిగించాడు. అయ్యాసామి చేతులు పట్టుకున్నా అతనికి సంతోషం కలగలేదు. పదకొండేళ్ళలో ఎన్ని బండ్లు! బాగుందని మురిసిపోయి పంపినవన్నీ బరువెక్కాక ఎవరి కళ్ళలో కొట్టాయో. సిగ్గుతో అతనికి అన్నం సయించలేదు.

మర్నాడు షాపు తెరవకుండా సైకిలెక్కి బజారుకు పోయాడు. మొదటి అంగడి ముందు దిగి, "మీ వ్యాను లైటు నేను తప్పుగా పెట్టినా. ఇంటిల్లిపాదినీ ఎక్కించుకోని ఒకతూరి తీసకరండి" అన్నాడు.

అంగడాయన నవ్వాడు. "ఏందయ్యా ఇది? మేమేం కంప్లయింటు చెప్పలేదే! లైటు బెమ్మాండంగా ఉండాది."

"మీకు బాగానే ఉంటాది. మీరు లైటు ఎనక కూర్చోనుండారు" అన్నాడు సుందరమూర్తి.